లక్ష పెట్టి గేమ్ కన్సోల్ కొనొచ్చు, అందులో నాన్న మెయిల్ పెట్టకూడదు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు. కొత్తగా వచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే విండోస్ గేమ్ కన్సోల్ కొనిపెట్టమని పట్టుబడుతున్నాడు. ధర లక్ష దాటింది. షాపతను పెద్ద పెద్ద గేములన్నీ ఉచితంగా ఎక్కించి ఇస్తానంటున్నాడు. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ అబ్బాయి దగ్గర చదువుకి పనికొచ్చే ల్యాప్‌టాప్ లేకపోతే కొనకండి. అదే డబ్బుకి గ్రాఫిక్స్ కార్డున్న మంచి ల్యాప్‌టాప్ వస్తుంది, కోడింగూ నడుస్తుంది, గేములూ నడుస్తాయి. ఏడంగుళాల తెర మీద, కీబోర్డు లేకుండా ప్రాజెక్టు రిపోర్టు ఎవరూ రాయలేరు. ల్యాప్‌టాప్ ఇప్పటికే ఉండి, పీసీ గేములు డబ్బిచ్చి కొనుక్కునే అలవాటుంటే మాత్రం ఇది మంచి వస్తువే. ఇంకో మాట, వాడు రోజూ ఆడే గేమేదో ముందు అడగండి. బీజీఎంఐ అయితే అది ఫోన్ గేము. దానికి ఈ కన్సోల్ అక్కర్లేదు.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందని వేరే పాఠకులూ అడిగారు. ఈ రకంలో పెద్ద బ్యాటరీ అంటే 80 వాట్-అవర్లు. భారీ గేము ఆడేటప్పుడు చిప్, తెర, ఫ్యాన్ కలిసి 40 వాట్లు లాగితే రెండు గంటల్లో ఖాళీ. డబ్బా మీద రాసిన గంటలు తేలికపాటి వాడకానివి.

ఇక అసలు సంగతికొస్తాను. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ధర కాదు, షాపతను ఉచితంగా ఎక్కించి ఇస్తానన్న గేములు.

పేరుకి కన్సోలే గానీ ఇది పూర్తి విండోస్ కంప్యూటర్. టీవీకి తగిలించే పాత కన్సోల్‌లో కంపెనీ ఒప్పుకోని ప్రోగ్రాము నడవడమే కష్టం. ఇందులో ఏదైనా నడుస్తుంది. షాపతను ఉచితంగా ఇచ్చేవి క్రాక్ గేములు, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా తాళం విరగ్గొట్టిన దొంగ కాపీలు. అలాంటి గేము ఎక్కించేటప్పుడు మొట్టమొదటి సూచనే ‘యాంటీవైరస్ ఆపేయండి’ అని ఉంటుంది. ఇంటికి తాళం వేయొద్దని దొంగే చెబుతుంటే మనం సరేనని తలూపుతున్నాం! గేము చక్కగా నడుస్తుంది కూడా. దాని వెనక ఇంకో చిన్న ప్రోగ్రాము, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లనీ కుక్కీలనీ మూటగట్టి ఎవరికో పంపేస్తుంది. నిమిషం కూడా పట్టదు.

కుక్కీ అంటే చాలామందికి చులకన. మీరు మెయిల్‌లోకి ఒకసారి లాగిన్ అయ్యాక, ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగకుండా గుర్తుపట్టడానికి బ్రౌజర్ దాచుకునే చీటీ అది. ఆ చీటీ నకలు చేతికి దొరికితే దొంగకి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. మీరే లోపలికొచ్చారని సర్వర్ నమ్ముతుంది. రెండంచెల భద్రత పెట్టుకున్నాను, నాకేం కాదనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు.

అసలైన స్టోర్ నుంచి తెచ్చుకునే దారిలోనూ కళ్లు మూసుకోకూడదు. 2025 ఫిబ్రవరిలో, ప్రపంచంలోకెల్లా పెద్ద పీసీ గేమ్ స్టోర్‌లోనే ఒక ఉచిత గేము ఇలా కుక్కీలు దొంగిలిస్తూ దొరికిపోయింది. స్టోరువాళ్లు దాన్ని తీసేసి, ఆడినవాళ్లందరికీ హెచ్చరిక పంపారు. అంత కాపలా ఉన్నచోటే అలా జరిగితే, షాపతని పెన్‌డ్రైవ్‌లో ఏముందో ఎవరు చూశారు?

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. మన ఇళ్లలో ఇంటిల్లిపాదికీ ఒకటే మెయిల్. నాన్న పేరు మీద తెరిచిన ఖాతాతోనే అమ్మ ఫోన్, పిల్లవాడి ట్యాబ్, హాల్లో టీవీ అన్నీ నడుస్తుంటాయి. కొత్త కన్సోల్ డబ్బా విప్పగానే అదే మెయిల్‌తో లాగిన్ అయిపోతారు, బ్రౌజర్‌లో సింక్ నొక్కేస్తారు. ఆ ఒక్క నొక్కుతో నాన్న ఫోన్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ, బ్యాంకువి, బీమావి, ఆఫీసువి, పిల్లవాడి ఆటవస్తువులోకి దిగిపోతాయి. ఎన్నిసార్లు రాశాను ఈ సంగతి! పోగొట్టుకున్నాకే ఉత్తరాలు వస్తున్నాయి, ముందు రావడం లేదు. తయారీదారుల తప్పూ ఉంది. తెర మీద వేలితో పొడవాటి పాస్‌వర్డ్ కొట్టడం నరకం కాబట్టే జనం పిన్ తీసేస్తున్నారు, దేనికైనా ‘గుర్తుంచుకో’ నొక్కేస్తున్నారు. లక్ష తీసుకునేవాళ్లు ఆ మాత్రం ఆలోచించొద్దా?

కొనాలనే అనుకుంటే ఇలా చేయండి. అబ్బాయికి సొంత మెయిల్ తెరిపించండి. కన్సోల్‌లో వాడు రోజూ వాడే ఖాతాకి అడ్మిన్ అధికారం, అంటే అందులో ఏ మార్పైనా చేసే హక్కు, ఇవ్వకండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరుంచుకోండి. మీ కార్డు అందులో సేవ్ చేయకండి, గిఫ్ట్ కార్డుతో గేములు కొనివ్వండి. ఉచితంగా కావాలంటే వారం వారం ఓ గేము ఊరికే ఇచ్చే పెద్ద స్టోరూ ఉంది, పండగ సేల్‌లో పాతవి సగం ధరకే దొరుకుతాయి. క్రాక్ వెతుక్కోవాల్సిన అవసరం నాకైతే కనపడదు.

ఇప్పటికే క్రాక్ గేము ఎక్కించినవాళ్లకి ఒక సంగతి, వరస తప్పొద్దు. ముందు కన్సోల్‌కి వైఫై ఆపండి. పాస్‌వర్డ్‌లు మార్చేది దాంట్లో కాదు, వేరే శుభ్రమైన ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో. ఆ కన్సోల్‌లోనే మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకి చేరుతుంది. మార్చాక ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ తప్పకుండా నొక్కండి, ఆ దొంగ చీటీలు చెల్లకుండా పోయేది దాంతోనే. ఆ తర్వాతే కన్సోల్‌ని పూర్తిగా చెరిపేసి విండోస్ మళ్లీ ఎక్కించండి. ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి, వెంటనే 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకీ చెప్పండి.

మీ షాపతనికి ఒకటే చెప్పండి: సీలు తీయని డబ్బా, పక్కా బిల్లు. గేములు ఎక్కించే ఇస్తానంటే ఇంకో షాపుకి వెళ్లండి.