క్లాస్ పేరు వేరియబుల్‌లో ఉన్నప్పుడు స్టాటిక్ మెథడ్ పిలిస్తే "క్లాస్ నాట్ ఫౌండ్" ఎందుకొస్తోంది?

మీరు అడిగింది ఇదే కదా, పీహెచ్‌పీలో (వెబ్‌సైట్లకి వాడే ప్రోగ్రామింగ్ భాష) క్లాస్ పేరు నేరుగా రాసి స్టాటిక్ మెథడ్ (ఆబ్జెక్ట్ తయారుచేయకుండా క్లాస్ పేరుతోనే పిలిచే ఫంక్షన్) పిలిస్తే నడుస్తోంది, అదే పేరుని స్ట్రింగ్‌గా వేరియబుల్‌లో పెట్టి పిలిస్తే ఫైల్ పైన యూజ్ లైన్ (క్లాస్ పూర్తి పేరు ఒకసారి చెప్పి, కింద పొట్టి పేరు వాడుకోనిచ్చేది) ఉన్నా క్లాస్ దొరకలేదంటోంది అని. సరిగ్గా ఇక్కడే నేనొక పూటంతా పోగొట్టుకున్నా.

సింటాక్స్‌లో తప్పేం లేదండీ. వేరియబుల్ పక్కన రెండు కోలన్లు పెట్టి మెథడ్ పిలవడం 2009లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచీ కుదురుతోంది. అంతకుముందైతే పార్స్ ఎర్రరే, కాల్ యూజర్ ఫంక్ అనే ఫంక్షన్‌కి క్లాస్ పేరూ మెథడ్ పేరూ ఒక అర్రేలో పెట్టి ఇచ్చేవాళ్లం (ఆ ఎర్రర్‌లో రెండు కోలన్లని హీబ్రూలో "పామయీమ్ నెకుడోటాయిమ్" అని చూపించేది, మొదటిసారి చూసి సర్వర్‌కి వైరస్ పట్టిందనుకున్నా).

గొడవంతా యూజ్ లైన్‌తోనే. అది కోడ్‌లో నేరుగా కనబడే పేర్లని కంపైల్ టైమ్‌లో పూర్తి పేర్లుగా మారుస్తుంది, అంతే, స్ట్రింగ్ లోపల ఏముందో దానికి పట్టదు. మీరున్న నేమ్‌స్పేస్ (క్లాస్ పేరు ముందుండే ఇంటిపేరులాంటిది) కూడా స్ట్రింగ్ ముందు తగలదు. అందుకే స్ట్రింగ్‌లో నేమ్‌స్పేస్‌తో సహా పూర్తి పేరు ఉండాలి, చేత్తో టైప్ చేసే కన్నా క్లాస్ పేరు పక్కన ::క్లాస్ అని పెట్టేయండి, 5.5 నుంచీ ఉంది, అక్కడ పేరు కోడ్‌లోనే ఉంటుంది కాబట్టి యూజ్ లైన్ పనిచేస్తుంది.

నేను చేత్తోనే టైప్ చేశా, అదీ డబుల్ కోట్స్‌లో. నేమ్‌స్పేస్ తర్వాత బ్యాక్‌స్లాష్, ఆ వెంటనే చిన్న ఎన్‌తో మొదలయ్యే క్లాస్ పేరు. ఇంకేముంది, ఆ రెండూ కలిసి న్యూలైన్ అయి కూర్చున్నాయి. బ్రౌజర్‌లో ఎర్రర్ చూస్తే న్యూలైన్ మామూలు ఖాళీలా కనబడింది, ఎన్ అక్షరం లేదన్న సంగతి కంటికి ఆనలేదు, చివరికి వార్ డంప్ (వేరియబుల్‌లో ఏముందో, పొడవెంతో చూపించే ఫంక్షన్) చేస్తే నేను లెక్కపెట్టినదానికన్నా పొడవు ఒకటి తక్కువ చూపించింది, అప్పుడు వెలిగింది. సింగిల్ కోట్స్ వాడుంటే ఈ బాధే లేదు.

ఇంకోటి, మీ మెషీన్ విండోస్, సర్వర్ లినక్స్ అయితే పెద్ద చిన్న అక్షరాలు చూసుకోండి. క్లాస్ పేర్లలో ఆ తేడా పీహెచ్‌పీకి పట్టదు గానీ ఆటోలోడర్ (క్లాస్ అవసరమైనప్పుడు దాని ఫైల్ వెతికి తెచ్చే కోడ్) ఆ స్ట్రింగ్ నుంచే ఫైల్ పేరు తయారుచేస్తుంది, లినక్స్‌లో ఫైల్ పేరుకి ఆ తేడా ఉంది. లోకల్‌లో ఓకే, సర్వర్‌లో గోవిందా.

ఇక మీరు చివర్లో రాసిన లైన్, యూఆర్ఎల్‌లో వచ్చిన రిపోర్ట్ పేరునే క్లాస్ పేరుగా వాడతానన్నది, అది మాత్రం దయచేసి చెయ్యొద్దు. నేనూ మొదట అలాగే రాసి క్లాస్ ఎగ్జిస్ట్స్ చెక్ పెట్టాను కదా సేఫే అనుకున్నా, రివ్యూలో మా సీనియర్ "వేరే క్లాస్ పేరు కొడితే?" అన్నాడు, నా దగ్గర జవాబు లేదు. ఆ చెక్ క్లాస్ ఉందా లేదా అనే చెబుతుంది, పైగా డిఫాల్ట్‌గా ఆటోలోడర్‌ని కూడా పిలుస్తుంది, అంటే కంపోజర్‌తో (లైబ్రరీలు దింపుకునే టూల్) తెచ్చుకున్న ప్రతి లైబ్రరీలోని క్లాసూ అందులో పాసే. దానికి బదులు చిన్న అర్రే పెట్టుకోండి, యూఆర్ఎల్‌లో వచ్చే మాట కీ, ::క్లాస్‌తో రాసిన పేరు వాల్యూ, కీ లేకపోతే 404 (పేజీ లేదన్న జవాబు). ప్రతి కొత్త రిపోర్ట్‌కీ ఒక లైన్ కలపాలి, నిజమే, నాకైతే అదే నయం అనిపిస్తుంది, ఏమేం పిలవచ్చో ఒక్కచోట కనబడుతుంది.

మెథడ్ ముందు స్టాటిక్ అని రాయడం మర్చిపోలేదు కదా? పీహెచ్‌పీ 7లో డెప్రికేటెడ్ (ఇక వాడొద్దు) అని గొణిగి వదిలేసేది, 8 నుంచి నేరుగా ఎర్రరే.

ఇవన్నీ చూశాక కూడా రాకపోతే వార్ డంప్ అవుట్‌పుటూ, ఆ క్లాస్ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో అదీ పెట్టండి, చూస్తా.