1222 చేరింది, కోన్ మాత్రం వంగలేదు

ప్రశ్న: మట్టి గిన్నెలకు కరెంటు బట్టీలో కోన్ 6 గ్లేజు (గాజులాంటి పూత) కాలుస్తున్నాం. కోన్ అంటే తగినంత కాలాక వంగి చూపించే చిన్న శంకువు, అంకె దాని వేడి స్థాయి. చార్టులో 1222 డిగ్రీలని ఉంటే కంట్రోలర్‌లో అదే పెట్టి, గంటకు 150 చొప్పున ఎక్కించి ఆపేశాం. పై అరలో గిన్నెలు మెరిశాయి, కింది అరవి గరుకుగా వచ్చాయి. కింద పెట్టిన కోన్ 6 కొద్దిగానే వాలింది. తప్పు కోన్‌దా, మీటరుదా?

జవాబు: మీరు చార్టులో చూసిన వరుసది. కోన్ వంగేది డిగ్రీలను బట్టి మాత్రమే కాదు, ఆ వేడి ఎంతసేపు తగిలిందన్నదీ లెక్కే. చివరి వంద డిగ్రీలు గంటకు 60 చొప్పున ఎక్కితే కోన్ 6 సుమారు 1222 దగ్గర వంగుతుంది. 150 చొప్పున అయితే 1243 కావాలి. సెట్టింగ్ పెంచేకంటే చివరి వంద డిగ్రీలను 60కి తగ్గించడం మేలు. గంటా నలభై నిమిషాలు పడుతుంది కానీ, ఆలోగా పై అరకూ కింది అరకూ తేడా తగ్గుతుంది. థర్మోకపుల్ (మీటరుకు వేడి కొలిచి చెప్పే తీగ) చెప్పేది అది ఉన్నచోటి వేడి ఒక్కటే. పాతబడితే అదీ తప్పు చూపిస్తుంది.

ఈసారి ప్రతి అరలోనూ 5, 6, 7 కోన్లు వరుసగా పెట్టండి. పెద్ద కోన్లయితే గ్రాగ్ (కాల్చిన మట్టి నూక) కలిపిన మట్టిముద్దలో, 50 మిల్లీమీటర్లు పైకి ఉండేలా, అన్నీ ఒకే వైపుకు 8 డిగ్రీలు వాల్చి గుచ్చాలి. ఒకటి వంగి పక్కదాని మీద పడకూడదు. ముద్దకు సూదితో కన్నాలు పొడిచి పూర్తిగా ఆరనివ్వండి. తడిగా పెడితే పేలుతుంది, ఆ ముక్కలు గ్లేజుకు అంటుకుంటాయి. సొంత పీటతో వచ్చే కోన్లకు ఈ బాధ లేదు.

6 కొన పీట మట్టానికి దిగి, 7 నిలబడి ఉంటే సరిగ్గా కాలినట్టు. పైన 7 కూడా వాలిపోయి, కింద 6 ఇంకా నిక్కి ఉంటే సెట్టింగులు మార్చి లాభం లేదు. కింద సామాను పలచగా పేర్చి, అడుగు కాయిల్ పనిచేస్తోందో లేదో చూడండి. తెల్లటి వేడిలో కోన్ కనబడదు కాబట్టి, బట్టీ కన్నంలోంచి చూస్తే దాని వెనక కాయిల్ ఉండేలా పెట్టండి. నల్లటి రక్షణ కళ్ళద్దాలు లేకుండా తొంగిచూడొద్దు.

ప్రశ్న: 06, 6 ఒకటేనా?

జవాబు: రెండింటి మధ్య రెండు వందల డిగ్రీలకు పైగా తేడా ఉంది. ముందు సున్నా ఉంటే అంకె పెరిగేకొద్దీ వేడి తగ్గుతుంది. 022 అన్నిటికంటే తక్కువ. 06 సుమారు వెయ్యి డిగ్రీలు, బిస్క్‌కు (గ్లేజు పూయకముందు చేసే మొదటి కాల్పుకు) వాడేది. కోన్ 6 గ్లేజును 06లో కాలిస్తే పొడిపొడిగా మిగులుతుంది, మళ్ళీ కాల్చుకోవచ్చు. 06కు తగిన ఎర్రమట్టిని 6కు తీసుకెళితే కరిగి షెల్ఫుకు అతుక్కుపోవచ్చు. అప్పుడు షెల్ఫు కూడా పోయినట్టే.