డీఆర్‌టీ ప్రాక్టీసు చేస్తూ లా కాలేజీలో పాఠం చెప్పొచ్చా?

డీఆర్‌టీలో, అంటే అప్పుల వసూలు ట్రిబ్యునల్‌లో, బ్యాంకు కేసులు చూస్తూనే లా కాలేజీలో పాఠం చెప్పడానికి చేరొచ్చా, సనదుకు (లాయరు లైసెన్సుకు) ఇబ్బందా అని ఒక లాయరు అడిగారు. చేరొచ్చు, గడియారం చూసుకుంటే.

జీతం మీద పూర్తికాలం ఉద్యోగం చేసే లాయరు ప్రాక్టీసు చేయకూడదంటుంది బార్ కౌన్సిల్ 49వ రూలు. 1979లో వచ్చిన లా టీచింగ్ రూల్స్ దీనికి ఒక సందు ఇచ్చాయి. రోజుకు మూడు గంటలు దాటకుండా పాఠం చెబితే, పోస్టు పేరేదైనా, డబ్బు ఏ రూపంలో ఇచ్చినా పార్ట్‌టైమ్ కిందే లెక్క. అందుకే నియామక ఆర్డరులో హోదా కన్నా ముందు గంటలు చూడండి. 'కాలేజీ పనివేళలంతా అందుబాటులో ఉండాలి' అన్న ముక్క కనిపిస్తే అది తీసేయించాకే సంతకం పెట్టండి. ఎల్‌ఎల్‌ఎం 55 శాతం, నెట్ లేదా సెట్‌తో రెగ్యులర్ పోస్టులోకి వెళ్తే మాత్రం రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రాసిచ్చి ప్రాక్టీసు ఆపాల్సిందే. 2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌కు 15 ఏళ్ల అనుభవం కావాలి, కొత్తవాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.

పీరియడ్లు శనివారం పెట్టించుకోండి. ఆ రోజు సాధారణంగా డీఆర్‌టీలో బెంచ్ ఉండదు, కాలేజీ ఉంటుంది. గెస్ట్ లెక్చరర్‌కు పీరియడ్‌కింతని ఇచ్చేది పెట్రోలుకు సరిపోతే గొప్పే, ఆ బిల్లుకూ ప్రిన్సిపాల్ గది చుట్టూ తిరగాలి.

ఇక అసలు సంగతి, పాఠం ఎలా చెప్పాలన్నది. కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టాన్ని నోట్సు చెప్పి రాయించే పద్ధతి శుద్ధ దండగ. ఒక పొసెషన్ నోటీసు జిరాక్సు తీసి, పేరు, ఖాతా నంబరు, సర్వే నంబరు కొట్టేసి పంచండి. స్వాధీనం జూన్ 10న, పేపర్లో పడింది 16న అనుకుందాం. ఎస్ఏ (బ్యాంకు చర్యను సవాలు చేస్తూ డీఆర్‌టీలో వేసే అర్జీ) వేయడానికి ఆఖరు తేదీ ఎప్పుడని అడిగితే సగం క్లాసు 16 నుంచి లెక్కపెట్టి జూలై 31 అంటుంది. సెక్షన్ 17 చెప్పేది చర్య తీసుకున్న తేదీ నుంచి 45 రోజులు. పదో తేదీ వదిలేస్తే జూన్‌లో 20, జూలైలో 25. అంటే జూలై 25. ఆ ఆరు రోజుల తేడాకే ఆలస్యాన్ని మన్నించమనే డిలే పిటిషన్ తగిలించాల్సి వస్తుంది, స్టే అడిగే ముందే అవతలి లాయరు దాన్ని పట్టుకుంటాడు.

తర్వాత నోటీసులో ఆస్తి వివరాలుండే షెడ్యూలు చదివించండి. సాగు భూమి మీది తాకట్టుకు సెక్షన్ 31(ఐ) కింద ఈ చట్టం వర్తించదు. పాస్‌బుక్కులో మెట్ట అని ఉండి, నేల మీద షెడ్డు ఉంటే? రికార్డు ఒక్కటే చాలదు, వాడకం కూడా చూడాలి. ఫొటోలు, కరెంటు బిల్లు, పంట వివరాలు ఎస్ఏతోనే జతచేయకపోతే తర్వాత గోల. ఓడితే అప్పీలుకు 30 రోజులు, అప్పులో సగం డిపాజిట్. అప్పీలు ట్రిబ్యునల్ దయతలిస్తే 25 శాతం దాకా తగ్గుతుంది. హైదరాబాద్, విశాఖ కేసులకు ఆ అప్పీలు కోల్‌కతాలో వేయాలి. ఈ ఖర్చు ఏ సిలబస్‌లోనూ ఉండదు, క్లయింటు మాత్రం మొదటి రోజే అడుగుతాడు.