చిన్న సొట్టకు ఇంత ప్రీమియమా?

ప్రశ్న: పార్కింగ్‌లో కారు వెనక్కి తీస్తూ పక్కనున్న కారు తలుపుకు తగిలించాను. తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. రెండు కార్ల మరమ్మతు ఖర్చూ బీమా కంపెనీయే ఇచ్చింది. ఆరేళ్లలో నేను చేసిన మొదటి క్లెయిమ్ ఇదే. ఇప్పుడు రెన్యువల్ నోటీసు చూస్తే ప్రీమియం దాదాపు 40 శాతం పెరిగింది. ఇంత చిన్నదానికి ఇంత పెంచుతారా? ఇలా ఎన్నాళ్లు కట్టాలి? కంపెనీ మారితే తగ్గుతుందా? అసలు ఆ ఖర్చు నేనే పెట్టుకుని ఉండాల్సిందా?

జవాబు: ముందు పాత పాలసీ కాగితాన్నీ కొత్త నోటీసునూ పక్కపక్కన పెట్టుకోండి. అడుగున ఉన్న మొత్తాన్ని కాసేపు వదిలేసి, పైనుంచి ఒక్కో వరసా పోల్చండి. అసలు ప్రీమియం ఎంత, అందులోంచి ఏ రాయితీలు తీశారు, కొత్తగా ఏం కలిపారు అన్నది చూడండి. ప్రమాదం పేరుతో అదనంగా వేసిన వరస కోసం చాలామంది వెతుకుతారు. కొన్ని నోటీసుల్లో అది ఉంటుంది. చాలావాటిలో మాత్రం నిరుడు ఉన్న రాయితీ ఈసారి చిక్కిపోయి కనిపిస్తుంది, లేదా ఆ వరసే ఉండదు.

మీ అంకెలు నాకు తెలియవు కాబట్టి అసలు ప్రీమియం 100 అనుకుందాం. ఆరేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపారని 30 శాతం రాయితీ ఇచ్చేవారు, మీరు 70 కట్టేవారు. ప్రమాదంతో ఆ రాయితీ 10 శాతానికి పడిపోయింది. అదే ఏడాది కంపెనీ అందరికీ అసలు ధరను 10 శాతం పెంచింది. 110లోంచి 10 శాతం తీసేస్తే 99. 70 నుంచి 99కి, అంటే 41 శాతం పెరిగినట్టు. కానీ ఏ ప్రమాదమూ జరగకపోయినా మీరు 77 కట్టాల్సిందే. ఆ సొట్ట వల్ల ఈ ఏడాది మీమీద పడింది 22 మాత్రమే. మీ నోటీసులో ఈ రెండు ముక్కలూ విడివిడిగా ఎంతో కంపెనీని అడిగి తెలుసుకోండి. అడిగే హక్కు మీకుంది.

సొట్ట చిన్నదే కదా అన్న మీ బాధ నాకు అర్థమవుతోంది. అయితే కంపెనీ మీ దగ్గర మరమ్మతు ఖర్చు తిరిగి రాబట్టుకోవడం లేదు. ఈమధ్య తమ తప్పుతో ప్రమాదం చేసినవాళ్లు మళ్లీ క్లెయిమ్‌కు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువని వాళ్ల లెక్కలు చెబుతాయి. ఆ అంచనాకే ధర కడతారు. అందుకే చాలాచోట్ల దెబ్బ ఎంత పెద్దదన్న దానికంటే ఎన్నిసార్లు అన్నదే ఎక్కువ పట్టించుకుంటారు. ఫ్రాన్స్‌లో ఇది చట్టంలోనే ఉంది. ప్రమాదం లేని ఒక్కో ఏడాదికి ప్రీమియం గుణకాన్ని (అసలు ప్రీమియంను హెచ్చించే అంకెను) 0.95తో, పూర్తి తప్పు మనదైన ఒక్కో ప్రమాదానికి 1.25తో హెచ్చిస్తారు. గీత పడినా బండి నుజ్జయినా అదే 1.25. తప్పు ఇద్దరిదీ అయితే 1.125. అందుకని మీ ఫైల్లో తప్పు ఎవరిదని, ఎంత శాతమని రాశారో ఒకసారి చూసుకోండి. మీరు వెనక్కి వస్తున్నప్పుడు అవతలి కారు కూడా కదులుతోందా? అది నమోదు కాకపోయి ఉంటే, మీ దగ్గర ఫోటోలుంటే ప్రశ్నించకుండా వదిలేయకండి.

ఎన్నాళ్లు అన్నది దేశాన్నిబట్టి, కంపెనీనిబట్టి ఉంటుంది. అమెరికాలో సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు ప్రభావం ఉంటుంది. భారత్‌లో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏడాదులకు ఇచ్చే రాయితీ, 20 శాతంతో మొదలై 25, 35, 45, 50 దాకా మెట్లు ఎక్కుతుంది. మన కారు మరమ్మతుకు ఒక్క క్లెయిమ్ చేస్తే మళ్లీ సున్నా.

ఇక మీ చివరి ప్రశ్న, నేనే పెట్టుకుని ఉండాల్సిందా అన్నది. ఈ ఏడాది పెంపును మాత్రమే చూస్తే జవాబు తప్పుతుంది. పై లెక్కనే పొడిగిద్దాం. వచ్చే ఏడాది రాయితీ 20 శాతానికి చేరితే 88 కడతారు, ప్రమాదం లేకుంటే కట్టేది 77. తేడా 11. ఆ పై ఏడాది 30 శాతానికి చేరి సమానమవుతుంది. మొత్తం నష్టం 33. ఇప్పుడు క్లెయిమ్‌లో మీ చేతి వాటా (ఖర్చులో మీరే భరించాల్సిన భాగం) పోగా కంపెనీ నిజంగా ఎంత ఇచ్చిందో చూడండి. ఆ మొత్తం 33కన్నా తక్కువైతే సొంతంగా కట్టుకోవడమే లాభంగా ఉండేది. అంతకు మూడు నాలుగు రెట్లు ఇచ్చి ఉంటే మీరు చేసింది సరైన పనే.

మీ విషయంలో మరో మాట. దెబ్బ మీ కారుకే పరిమితమై ఉంటే ఈ లెక్క వేసుకుని ఆగేవాళ్లేమో. కానీ అవతలిది ఇంకొకరి బండి. తలుపు మీద పైకి వేలెడు గీతే కనిపించినా, విప్పాక లోపలి బిగింపులు విరిగి ఉండొచ్చు. అక్కడికక్కడే డబ్బిచ్చి పంపేస్తే, నెల తర్వాత పెద్ద బిల్లుతో వచ్చినా మీరు ఒంటరే. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ ఆలోచనే వద్దు. బీమా కంపెనీకి చెప్పి తీరాలి. కాబట్టి కంపెనీకి చెప్పినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

చెప్పాక కూడా దారి మూసుకుపోలేదేమో. జర్మనీలో కంపెనీ చెల్లించిన మొత్తాన్ని గడువులోగా తిరిగి కట్టేసి, క్లెయిమ్ లేని స్థాయిని కాపాడుకునే వీలుంది. మీ కంపెనీలో అలాంటిది ఉందో లేదో ఈ వారమే ఫోన్ చేసి కనుక్కోండి.

కంపెనీ మారడం తప్పకుండా ప్రయత్నించండి. ఒకే ప్రమాదానికి ఒక్కొక్కరు ఒక్కోలా వెల కడతారు. అవే కవరేజీలు, అదే చేతి వాటా పెట్టి కనీసం మూడు చోట్ల ధర అడగండి. ప్రమాదాన్ని మాత్రం దాచొద్దు. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ కంపెనీలు పంచుకునే క్లెయిమ్ చరిత్ర రికార్డులున్నాయి. దాచిన విషయం పెద్ద ప్రమాదం జరిగిన రోజు బయటపడితే, క్లెయిమ్ తిరస్కరించొచ్చు, పాలసీయే రద్దు చేయొచ్చు కూడా.

ప్రీమియం తగ్గించుకోవడానికి చేతి వాటా పెంచుకోవచ్చు, కానీ అంత సొమ్ము రేపు ఉదయమే తీయగలిగేలా పొదుపు ఖాతాలో ఉంటేనే. కారు పాతదైపోయి విలువ బాగా పడిపోయి ఉంటే సొంత డ్యామేజీ కవరేజీ ఇంకా అవసరమా అనేదీ ఆలోచించండి. ఎదుటివారికి జరిగే నష్టానికి ఉన్న కవరేజీని మాత్రం ముట్టుకోకండి. మనల్ని నిలువునా ముంచగలిగిన ఖర్చు అదొక్కటే.

మొదటి ప్రమాదాన్ని మాఫీ చేసే అదనపు కవరేజీ, క్లెయిమ్ చేసినా రాయితీ పోకుండా చూసే బోనస్ రక్షణ లాంటివి ఇప్పుడు అమ్మజూపుతారు. జరిగిపోయినదానికి అవి పనికిరావు. రాబోయేదానికి తీసుకునే ముందు, కంపెనీ మారితే ఆ మాఫీ వెంట వస్తుందా అని అడగండి. చాలాసార్లు రాదు.

ఈ పోలికలన్నీ రెన్యువల్ గడువుకు కనీసం రెండు వారాల ముందే ముగించండి. కోపంలో పాత పాలసీని ముందే ఆపేయకండి. కొత్తది మొదలయ్యే తేదీ చేతిలోకి వచ్చాకే దాన్ని వదలండి. మధ్యలో ఒక్క రోజు ఖాళీ పడినా బీమా లేకుండా బండి నడిపినట్టే, ఆ ఖాళీ చూసి కూడా చాలా కంపెనీలు ధర పెంచుతాయి.