భోగాపురం విమానాలతో మనకి కొత్త జ్వరాలు వస్తాయా?

భోగాపురం విమానాశ్రయానికి వచ్చే విమానాలెక్కి దోమలు వచ్చేస్తాయేమోనని మీరు అడిగారు. రావడమైతే ఉంది. 1994 వేసవిలో పారిస్ చార్లెస్ డిగాల్ విమానాశ్రయం పరిసరాల్లో ఆరుగురికి అలాగే మలేరియా తగిలింది. అందుకే కొన్ని దేశాలు విమానం లోపల పెర్మెత్రిన్, డి-ఫెనోథ్రిన్ మందులు కొట్టిస్తాయి. అయినా నా భయమంతా ప్రయాణికుడి రక్తంలో వచ్చి దిగే వైరస్ గురించే.

ఇటలీ సంగతి చూడండి. డెంగీ, చికున్‌గున్యా మోసే ఏడిస్ జాతి టైగర్ దోమ అక్కడ 1990లో బయటపడింది, పాత టైర్లలో గుడ్లుగా ఓడ మీద చేరింది. 2007 జూన్‌లో కేరళ నుంచి చుట్టాలింటికి వెళ్లినాయనకి అక్కడ జ్వరమొచ్చింది. ఆ వేసవి ముగిసేసరికి కాస్టిగ్లియోనే ది చెర్వియా, దాని చుట్టుపక్కల ఊళ్లు కలిపి రెండొందల మందికి పైగా చికున్‌గున్యా పట్టుకుంది. ఒక్క మనిషి చాలాడు.

మన దగ్గర ఏడిస్ దోమ ఎప్పుడో కాపురం పెట్టేసింది. హైవే పక్క పంక్చరు షాపుల టైర్లు, ఉద్దానం పెరళ్లలో కొబ్బరి చిప్పలు, ఇంటింటా నీళ్ల గాబులు. గాబు ఖాళీ చేస్తే సరిపోదు. ఏడిస్ గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకి అతుక్కుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలైపోతాయి. వారానికోసారి గరుకు బ్రష్‌తో గోడలు రుద్ది కడగాలి, మూత వెయ్యాలి. సాయంత్రం దోమల మందు పొగబండి తిప్పేసి పనైపోయిందనుకోవడం చూస్తే ఒళ్లు మండుతుంది. గాబులో దోమ పురుగుని ఆ పొగ ఏమీ చెయ్యదు.

మీ ఇంటికి విదేశం నుంచి ఎవరైనా వస్తే రెండు వారాలు పగటి నిద్రకి కూడా దోమతెర కట్టండి, ఏడిస్ కుట్టేది పగలే. జ్వరమొస్తే డాక్టరుకి ముందు ఏ దేశం నుంచి వచ్చారో చెప్పండి. డెంగీకి జ్వరం మొదలైన మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్ష, ఆ తరవాత ఐజీఎం అనే రక్తపరీక్ష చేయించాలి. ఆఫ్రికా నుంచి వచ్చి మూడు నెలలు కాలేదంటే ఆ రోజే మలేరియా రక్తపరీక్ష చేయించాలి. నెగిటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి.

ఒళ్లు నొప్పులని ఆరెంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజక్షన్ మాత్రం వేయించుకోవద్దు. డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, కిడ్నీలకీ దెబ్బే. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వాళ్లకి ఈ మాట రెండుసార్లు చెప్పాలి. డాక్టరు చూసేదాకా పారాసెటమాల్ ఒక్కటే, అదీ పెద్దవాళ్లకి ఆరు గంటలకో 500 మిల్లీగ్రాముల మాత్ర.