నయం చేస్తామంటే 6 లక్షలు అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 11 ఏళ్లు. ఏడాదిన్నరగా స్కిజోఫ్రెనియాకు మందులు వాడుతున్నాం. వాడిని చూసుకోవడానికి నా భార్య ఉద్యోగం మానేసింది. నా జీతం 58 వేలు. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి 3 లక్షలు తెచ్చాం. ఆరు నెలలు తమ దగ్గర ఉంచితే పూర్తిగా నయం చేస్తామని ఒక కేంద్రం వాళ్లు 6 లక్షలు అడుగుతున్నారు. పర్సనల్ లోన్ తీసుకోమంటారా?
- ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: వద్దు.

నేను డాక్టర్ని కాను. ఆ కేంద్రం మాట నమ్మాలో వద్దో మీ బాబును చూస్తున్న సైకియాట్రిస్టునే అడగండి. నాకు తెలిసింది లెక్క. ఇది ఆపరేషన్ లాగా ఒకసారి కట్టి బయటపడే ఖర్చు కాదు, ఇంటి అద్దె లాంటిది. నెలనెలా వస్తుంది, ఏళ్ల తరబడి. దానికి అప్పు తెస్తే రెండు అద్దెలు కట్టాలి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటే ఇది.

మీరు పంపిన కాగితం చూశాను. మందులు, డాక్టరు ఫీజు, రక్తపరీక్షలు, బస్సెక్కితే వాడు భయపడి అరుస్తున్నాడని కారుకు ఇస్తున్న 1,800... అన్నీ కలిపి నెలకు 9 వేలు. మీ అప్పు మీద వడ్డీ? అదీ 9 వేలే! బాబుకెంత పెడుతున్నారో వడ్డీవ్యాపారికీ అంతే పోస్తున్నారు. ఇంట్లో 12 తులాల బంగారం ఉంచుకుని ఇదేం పని? రేపే కొంత బ్యాంకులో పెట్టి ఆ అప్పు తీర్చేయండి. నూటికి రూపాయి లోపు వడ్డీతో పోతుంది.

అదే కాగితం చివర చిన్నగా రాశారు: 'జూన్‌లో జీతం ఆలస్యం, పది రోజులు మందులు కొనలేదు.' ఆ కింది వరసలో జూలై, ఆస్పత్రిలో చేర్చినందుకు 41 వేలు. మందులు ఆపితే జబ్బు తిరగబెడుతుందని డాక్టర్లు మొత్తుకునేది ఇందుకే. చేతిలో 4 వేలు ఉంటే ఆ నెల గడిచేది. అత్యవసర నిధి అని నేను అరిగిపోయిన రికార్డులా చెప్పేది దీని గురించే. మీ భార్య పేరిట వేరే ఖాతా తెరవండి, దానికి ఫోన్‌పే, గూగుల్‌పే తగిలించొద్దు. వడ్డీలో మిగిలే ఆరు వేల చిల్లర ప్రతి నెలా అందులో వేస్తే ఐదు నెలల్లో 30 వేలు దాటుతుంది. అందరికీ ఆరు నెలల ఖర్చు చాలంటాను, మీకు మాత్రం ఏడాదిది కావాలి. అది పూర్తయ్యేదాకా చిట్టీలు, షేర్ల ఊసెత్తొద్దు.

మానసిక జబ్బులకు రాదులే అని ఆరోగ్య బీమా మానేశానన్నారు. ఎవరు చెప్పారండీ? శారీరక జబ్బులతో సమానంగా వీటికీ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. 2022లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు మళ్లీ గట్టిగా చెప్పింది. ముందు మీ ఆఫీసు గ్రూప్ పాలసీలో బాబు పేరుందో లేదో చూడండి. కొత్త పాలసీ తీసుకుంటే జబ్బు సంగతి దాచొద్దు. ముందే ఉన్న జబ్బుకు క్లెయిమ్ ఇవ్వడానికి పెట్టే నిరీక్షణ మూడేళ్లకు మించదు, దాస్తే మాత్రం క్లెయిమే పోతుంది. ఓపీ ఖర్చులు చాలా పాలసీల్లో రావు కాబట్టి, మళ్లీ ఆ నిధే దిక్కు. మీకు టర్మ్ పాలసీ, అంటే మీకేదైనా అయితే ఇంటికి డబ్బొచ్చే జీవిత బీమా కూడా లేదు. ఒక్క జీతం మీద బతికే ఇల్లు, కనీసం కోటికి తీసుకోండి.

బాబుకు వైకల్య ధ్రువపత్రం వస్తే పాత పన్ను విధానంలో మీ ఆదాయం నుంచి 75 వేల మినహాయింపు ఉంటుంది. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) సైకియాట్రీ విభాగంలో మీ మందులు ఉచితంగా దొరుకుతాయేమో కనుక్కోండి. రాత్రిపూట ఇబ్బందైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, నంబరు 14416.

అన్నట్టు, ఆ కేంద్రానికి బుకింగ్ అని కట్టిన 10 వేలు వెనక్కివ్వమని ఈ వారమే కాగితం మీద రాసి అడగండి. ఇవ్వకపోతే ఆ 10 వేలతోనే పోయిందనుకోండి, మిగతా 5 లక్షల 90 వేలు కట్టొద్దు.