పట్నాల్లో ఇప్పుడు మిగిలింది డబ్బు తేడా ఒక్కటేనా? బల్లార్షా నుంచి నా జవాబు

"పట్నాల్లో కులం పట్టింపు పోయింది కదా, ఇప్పుడు మనుషుల్ని వేరుచేసేది డబ్బొక్కటే కదా, సరిహద్దు జిల్లాల్లో పెరిగినవాళ్లు మీ అనుభవం చెప్పండి" అని అడిగారు. నేను మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో పుట్టి పెరిగాను. మాది మాదిగ కుటుంబం. మా బాపు, అంటే నాన్న, 1978లో మంచిర్యాల దగ్గరి పల్లె నుంచి బొగ్గు గనుల పనికి వచ్చాడు. నేను చూసినంతలో డబ్బు ఒక్కటే కాదు. కులం, భాష, మతం, ఏ రాష్ట్రం వాళ్లమన్న లెక్క, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఒకదాన్నుంచి తప్పించుకుందామని పక్కకు జరిగితే అక్కడ ఇంకోటి ఉంటుంది.

డబ్బు తేడా లేదని అనను. మా గని దగ్గర పర్మినెంట్ వాళ్లకు క్వార్టర్లు, ఇంట్లో నల్లా, కరెంటు. ఠేకేదారు (కాంట్రాక్టరు) కింద లోడింగ్ చేసేవాళ్లకు రేకుల గుడిసెలు. బాపు ఠేకేదారు మనిషి. అయితే ఆ గుడిసెల్లో అందరిదీ ఒకే కూలి అయినా, అక్కడా వరసలున్నాయి. మరాఠీవాళ్లది ఒకటి, ఛత్తీస్‌గఢీవాళ్లది ఒకటి, తెలుగువాళ్లది ఒకటి. తెలుగు వరసలో మావి చివరి మూడు గుడిసెలు. ఎవరూ గీత గీసి పెట్టలేదు. ముందొచ్చినవాడు తన ఊరివాణ్ని, తన కులంవాణ్ని పక్కన దింపుకుంటాడు. అట్లా మా పల్లె మొత్తం వాడతో సహా రైలెక్కి వచ్చేసింది.

మరాఠీవాళ్లకు మేమందరం 'తెలుగువాళ్లం', అంతే. తెలుగువాళ్లకు మాత్రం ఇంటిపేరు, ఊరి పేరు వింటే చాలు. నాకు ఏడేళ్లప్పుడు అవ్వ, అంటే మా అమ్మ, తంగేడు, గునుగు తెచ్చి బతుకమ్మ పేర్చింది. క్వార్టర్ల మైదానానికి తీసుకెళ్తే అక్కడి ఆడవాళ్లు "మీరు అటు పక్క ఆడుకోండమ్మా" అన్నారు. మాట మెత్తగానే అన్నారు. అవ్వ మూడు గుడిసెల ఆడవాళ్లతో అటు పక్కనే ఆడింది. పాటలు అవే, భాష అదే. మరుసటేడు అవ్వ బతుకమ్మ పేర్చలేదు. ఎందుకని అడిగితే పువ్వు దొరకలేదంది. తంగేడు ఆ ఏడాది రైలు పట్టాల పక్కన విరగబూసింది, నేను చూశాను.

నేను ఆరో తరగతికి వచ్చాక బౌద్ధుల వార్డులో గది కిరాయికి తీసుకున్నాం. డాక్టర్ అంబేద్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకుని, జనానికి ఇచ్చి, రెండు రోజులకే 16న చంద్రపూర్‌లో కూడా ఇచ్చారు. ఆ గర్వం ఇక్కడి ప్రతి ఇంట్లో ఉంటుంది. ఇంటి యజమానురాలు మావశి (మరాఠీలో పిన్ని) మా కులం తెలిసి "మీరూ బాబాసాహెబ్ పిల్లలే" అంది. వాళ్ల బౌద్ధ మందిరం విహార్‌లో దీపం కింద కూర్చుని నేను పదో తరగతి చదివాను. ఆ రుణం నేను తీర్చలేను. కానీ అన్నయ్య ఆ వార్డు అమ్మాయిని చేసుకుంటానన్నప్పుడు వాళ్లింట్లో "కులం వేరు, భాష వేరు" అన్నారు. మా ఇంట్లో అవ్వ కూడా "వాళ్లు పోచమ్మకు మొక్కరు" అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. రెండు వైపులా ఊళ్లో దెబ్బ తిన్నవాళ్లమే. అయినా ఆ పెళ్లి జరగలేదు.

మా మేనమామ చర్చికి వెళ్తాడు, బడి రికార్డులో మాత్రం హిందువు. ఎవరిని ఎస్సీలుగా లెక్కించాలో చెప్పే 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోకి 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను తీసుకున్నారు, క్రైస్తవులను తీసుకోలేదు. అందుకే మామ పిల్లల పేర్లు బడిలో ఒక రకం, చర్చిలో ఒక రకం.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కుంగదీసింది 'జాతీచా దాఖలా', అంటే కుల సర్టిఫికెట్. మహారాష్ట్ర షెడ్యూల్డ్ కులాల జాబితాలో మాదిగ ఉంది, మాల ఉంది. కానీ అది ఇవ్వాలంటే కుటుంబం 1950 ఆగస్టు 10కి ముందు నుంచి ఈ రాష్ట్రంలో ఉన్నట్టు కాగితం చూపాలి. అప్పటికి మా బాపు పుట్టనే లేదు. వార్ధా నది దాటితే రాజురా. ఆ తాలూకా అప్పట్లో హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అక్కడి మా కులంవాళ్లు కదల్లేదు, సరిహద్దే కదిలింది. వాళ్లకు సర్టిఫికెట్ వస్తుంది. అదే కులం, అదే భాష, అదే పోచమ్మ, నది ఇవతల ఉన్న మాకు రాదు.

స్వచ్ఛందంగా వేరే రాష్ట్రానికి వెళ్లినవాళ్లు తమ రిజర్వేషన్‌ను వెంట తీసుకెళ్లలేరని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. కులం బరువు ప్రాంతాన్ని బట్టి మారుతుందన్నది అందులోని ఆలోచన. అది అర్థం లేని మాట కాదు. కానీ మా బరువు మాతోపాటే వచ్చింది, ఆ మూడు గుడిసెలే సాక్ష్యం. నర్సింగ్‌లో నేను ఓపెన్ సీటు తీసుకున్నాను. ఫీజు మినహాయింపు లేదు. అవ్వ వెండి కడియాలు అమ్మి మొదటి ఏడాది కట్టింది. తెలంగాణలో ప్రయత్నిద్దామంటే అక్కడి బడిలో చదవలేదు కాబట్టి స్థానికురాలిని కాను.

ఇక డబ్బు సంగతి. నాలుగేళ్ల క్రితం చంద్రపూర్‌లో ఇల్లు వెతికాం. నాకూ మా ఆయనకూ జీతాలున్నాయి, అడ్వాన్స్ చేతిలో ఉంది. ఇంటావిడ తెలుగువాళ్లమని సంబరపడి టీ ఇచ్చి, కప్పు కింద పెట్టకముందే "మీరేమిట్లు?" అని, అంటే ఏ కులమని, అడిగింది. చెప్పాను. సాయంత్రానికి ఫోన్ వచ్చింది, ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చామని. ఆ ఇంటికి రెండు నెలలు 'కిరాయికి ఇవ్వబడును' బోర్డు అలాగే ఉంది. మీ ప్రశ్న చదవగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆ బోర్డే.

నాలాంటి కుటుంబాల వాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు సొంత రాష్ట్రం లెక్కన మన కులం చెల్లుతుంది, దాన్ని వదులుకోకండి. అందుకు తండ్రి ఊరి తహసీల్ ఆఫీసులో ఆయన పేరున సర్టిఫికెట్ ఉండాలి. ఆయన బతికుండగానే తీయించండి, తర్వాత ఆ ఊళ్లో గుర్తుపట్టేవాళ్లు కూడా మిగలరు. మా బాపుకు తీయించలేదు. ఆయన పోయి మూడేళ్లయింది. మా చిన్నతాత ఒక్క ఏడాది బడికి వెళ్లాడని, ఆధారంగా చూపడానికి రిజిస్టర్‌లో పేరు ఉండొచ్చని మా అత్త చెప్పింది. ఈ దసరా సెలవుల్లో ఆ బడికి వెళ్తున్నాను.